బాదం చెట్ల గోతులు

అమాన్సియో బోర్బా చొక్కా జేబులో ఎప్పుడూ ఒక నీలం టేపు చుట్ట ఉండేది. నైబర్గ్ కంపెనీ కట్టిన ఇల్లు కొన్నవాళ్ళకు తాళంచెవులు ఇచ్చే రోజున ఆ చుట్టను వాళ్ళ చేతిలో పెట్టి, "ఇల్లంతా తిరిగి చూడండి. ఎక్కడ మీ కంటికి నచ్చకపోతే అక్కడ ఒక ముక్క అంటించండి. వారం తిరిగేలోగా అన్నీ సరిచేసి పెడతాను" అనేవాడు. అదే అతని ఉద్యోగం. గీత పడిన కిటికీ అద్దం, కారే కుళాయి, గుమ్మంలో పట్టేసే తలుపు, వీటన్నిటికీ కంపెనీలో ఒక మనిషి ఉండాలి కదా.

మా లోయలో ఇళ్ళు కట్టేవాళ్ళందరికీ ఈ ఆచారం ఉంది. ఆ టేపు చేతికొస్తే ఎంత నెమ్మదస్తుడికైనా పూనకం వస్తుంది. గోడ మీద ఈగ వాలిన మచ్చకు కూడా ఒక ముక్క అంటిస్తారు. యాభై అరవై ముక్కలు అంటించి, ఇల్లంతా నీలంగా చేసిన మహానుభావులున్నారు. అమాన్సియో తాళాలిచ్చిన ఇళ్ళలో మాత్రం ఆరో ఏడో దాటేవి కావు. కిటుకేమిటంటే, మొదటి ముక్క తనే అంటించేవాడు. కొన్నవాళ్ళ కంటికి చచ్చినా ఆనని చోటు ఏదో వెతికి, సింకు కింద వంకరగా కోసిన చెక్క దగ్గరో, పొయ్యి వెనక పగిలిన పలక దగ్గరో కుంటి మోకాలితోనే చతికిలబడి, "చూశారా, ఇది మా తప్పు" అని చూపించి మరీ అంటించేవాడు. కంపెనీ మనిషే కంపెనీని తప్పు పట్టాక ఇంక వెతకడానికి ఎవరికి మనసొప్పుతుంది?

"నువ్వంటించే ఆ ఒక్క ముక్క నాకు నలభై ముక్కలు మిగులుస్తోందోయ్ బోర్బా" అని యజమాని కార్ల్ నైబర్గ్ పగలబడి నవ్వేవాడు. అమాన్సియో కూడా నవ్వేవాడు. అది నిజాయితీయో జాణతనమో అతను ఎప్పుడూ తేల్చుకోలేదు. తేల్చుకోవాల్సిన అవసరం అప్పటికింకా రాలేదు.

అతను పోర్చుగీసు వాళ్ళ అజోర్స్ దీవుల్లోని టెర్సెయిరా నుంచి పంతొమ్మిదో ఏట ఇక్కడికి, తర్లాక్ ఊరికి వచ్చాడు. మొదటి కూలి నైబర్గ్ వాళ్ళ నాన్న బాదం తోటలోనే. పొడుగు కర్రతో కొమ్మల్ని బాది, కింద పరిచిన పట్టాల మీద కాయలు రాల్చడం. ఆరేళ్ళు అదే పని. చెట్టుకీ చెట్టుకీ ఇరవైరెండు అడుగులు, వరసకీ వరసకీ ఇరవైరెండు అడుగులు. ఏ చెట్టు కాయ ముందు పగులుతుందో, ఏ చెట్టెక్కితే చీమలు కుడతాయో అతనికి కంఠతా వచ్చు. తర్వాత పెద్దాయన తోటలో ఒక మూల తీసేసి ఇళ్ళు కట్టడం మొదలుపెట్టాడు. అమాన్సియో కర్ర దించి రంపం పట్టాడు, మంచి వడ్రంగి అయ్యాడు. కప్పు మీద నుంచి పడి మోకాలు విరగ్గొట్టుకున్నాక ఈ టేపు ఉద్యోగం ఇచ్చారు. చిత్రిక మాత్రం వదల్లేదు. అతను చిత్రిక పట్టిన తలుపు గుమ్మంలో కూర్చుంటే చప్పుడు కూడా వినిపించేది కాదు.

పెద్దాయన కాలంలో ఒక పద్ధతి ఉండేది. తోట తీసేస్తే ఒక శీతాకాలం ఆగాల్సిందే. ఆకు రాలే రోజుల్లో మొద్దుల్ని వేళ్ళతో సహా పెకిలించి, ఆ గోతుల్లో పొరలు పొరలుగా మట్టి నింపి, దిమ్మిస కొట్టి, వానల్నీ మంచునీ దాని మీద పడనిచ్చేవారు. కుంగినచోట మళ్ళీ నింపేవారు. చిగుళ్ళు వచ్చే రోజులకు గానీ పునాది తీసేవారు కాదు. "వేరు ఉన్నచోట ఇంకా వేరు ఉన్నట్టే అనుకోవాలి" అనేవాడాయన.

2005లో పెద్దాయన లేడు. మట్టి పట్టుకుంటే బంగారమయ్యే రోజులవి. సముద్రం వైపు ఊళ్ళలో ఇల్లు కొనలేనివాళ్ళు రెండు గంటలు కారు నడుపుకుంటూ వచ్చి, అమ్మకాల గుడారం ముందు వరసలో నిలబడేవాళ్ళు. మూడో విడత ఇళ్ళ కోసం కార్ల్ అక్టోబరులో మిగిలిన తోట పీకించాడు. గోతుల్లోకి బుల్డోజరుతో మట్టి నెట్టించి, పైన రోలరు రెండుసార్లు తిప్పించి, నవంబరులో కాంక్రీటు పోయించాడు. మట్టి పరీక్ష చేసినవాడు రెండు గోతుల మధ్య నుంచి మన్ను తీసుకెళ్ళాడు. అక్కడ నేల రాయిలా ఉంది, కాగితం మీద కూడా అదే రాశాడు.

అమాన్సియో ఒక్కసారి నోరు విప్పాడు. "కార్ల్, ఈ శీతాకాలం ఆగుదాం. మీ నాన్నగారైతే ఆగేవారు."

"మా నాన్న కాలంలో కొనేవాడు కూడా ఆగేవాడు. ఇప్పుడు నేనాగితే వాడు ఎదురుగా ఉన్న కంపెనీలో కొనుక్కుంటాడు. నువ్వు తలుపులు చూసుకో బోర్బా. మట్టి సంగతి నేను చూసుకుంటా."

అమాన్సియో తలుపులు చూసుకున్నాడు. చెట్లన్నీ పోయాక వీధులకు బాదం రకాల పేర్లు పెట్టారు. ఆ పేర్లున్న పలకల్ని పాతింది కూడా అతనే.

ఆ మూడో విడతలోనే జెర్మానో టోస్టె ఇల్లు కొన్నాడు. జెర్మానో చీజు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అమాన్సియో కూతురు లెనియాకు జ్ఞానస్నానం చేయించినప్పుడు తొట్టి దగ్గర బిడ్డను ఎత్తుకున్నది అతనూ అతని భార్య ఒడీలియానూ. అప్పట్నుంచీ వాళ్ళిద్దరూ ఒకరికొకరు కొంపాద్రె. మా పోర్చుగీసు వాళ్ళలో అది తోడబుట్టిన బంధం కన్నా గట్టి చుట్టరికం. అన్నదమ్ములు ఆస్తి దగ్గర కొట్టుకున్నా ఎవరూ ఏమీ అనరు. కొంపాద్రెతో మాట తప్పినవాడికి మాత్రం మా సంఘం హాల్లో పక్కన కుర్చీ ఖాళీగా ఉంటుంది.

కొనే ముందు జెర్మానో కాగితాలేవీ చదవలేదు. "కొంపాద్రె, నువ్వు చెప్పు. తీసుకోమంటావా?" అని మాత్రం అడిగాడు.

"తీసుకో. నేనున్నానుగా" అన్నాడు అమాన్సియో. ఏమో, కుంగకపోవచ్చు అనుకున్నాడు. అందరూ కొంటున్నారు, అందరి ఇళ్ళూ నిలబడే ఉన్నాయి. అలా అనుకోవడం ఆ రోజుల్లో లోయ మొత్తానికి ఉన్న జబ్బే.

తర్వాత 2008 వచ్చింది, ఇళ్ళ ధరలు కుప్పకూలాయి. దాని గురించి లోకమంతా రాసుకుంది, నేను కొత్తగా చెప్పేదేముంది? నూట నలభై మంది ఉన్న నైబర్గ్ కంపెనీలో పదకొండు మంది మిగిలారు. నాలుగో విడతలో రోడ్లు వేశారు, వీధి దీపాలు పాతారు, నీళ్ళ గొట్టాలు నేలలోంచి మూతులు పైకెత్తి నిలబడ్డాయి. ఇళ్ళు మాత్రం రాలేదు. మనుషులు లేని ఇళ్ళ ముందు గడ్డి ఎండిపోతే బ్యాంకుల వాళ్ళు దానికి ఆకుపచ్చ రంగు కొట్టించారు. తాళాలు కవర్లో పెట్టి బ్యాంకుకు పంపేసి వెళ్ళిపోయినవాళ్ళు తెలివైనవాళ్ళయ్యారు, నెలనెలా అప్పు కడుతున్నవాడు పిచ్చివాడయ్యాడు. జెర్మానో ఆ పిచ్చివాళ్ళలో ఒకడు. ఇంటి ధర అప్పులో సగానికి పడిపోయినా, "మాటిచ్చి తీసుకున్న అప్పు" అంటూ కడుతూనే ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే మూడో విడతలో తలుపులు పట్టేయడం మొదలైంది. గుమ్మం మూలల్లో వెంట్రుకంత బీట, తర్వాత వేలు దూరేంత. పిలిచిన ప్రతి ఇంటికీ అమాన్సియో వెళ్ళాడు. తలుపు ఊడదీసి, చిత్రిక పట్టి, మళ్ళీ బిగించాడు. జెర్మానో ఇంట్లో మూడుసార్లు పట్టాడు.

"కొంపాద్రె, ఇంకో రెండుసార్లు చెక్కావంటే తలుపు మిగలదు, పుల్లలు మిగులుతాయి. పొయ్యిలోకి పనికొస్తాయిలే" అని ఒడీలియా వేళాకోళం చేసింది.

"ఇల్లన్నాక కొంచెం సర్దుకుంటుంది కొమాద్రె" అన్నాడు అమాన్సియో, పొట్టు ఊడుస్తూ. తల ఎత్తలేదు. తలుపు వంకర కాదని, గుమ్మం వంకరైందని, గుమ్మం కింద ఏముందని అతనికి తెలుసు. నలభై ఇళ్ళలో తప్పును చిత్రికతో కప్పుకుంటూ పోయాడు. దీన్ని ఏ పేరుతో పిలవాలో మీరే చెప్పండి. నేనైతే ద్రోహమనే అంటాను.

ఇక కార్ల్ నైబర్గ్ బతికి బట్టకట్టిన వైనం వినండి. ఆఫీసు అద్దెకిచ్చేసి, తండ్రి నాటి బాదం పొట్టు తీసే షెడ్డులోకి మకాం మార్చాడు. శాక్రమెంటో నుంచి హోల్కమ్ అనే సలహాదారు వచ్చింది. మునిగే కంపెనీలను ఒడ్డున పడేయడంలో ఆమెది అందెవేసిన చెయ్యి అన్నారు. మిగిలిన పదకొండు మందినీ కూర్చోబెట్టి, గోడ మీద బొమ్మలు వేస్తూ చెప్పింది.

"కొత్త ఇళ్ళు మర్చిపోండి, ఐదేళ్ళ దాకా ఎవరూ కొనరు. ప్రభుత్వం స్కూళ్ళు కట్టించడానికి నిధులిస్తోంది, మనం స్కూళ్ళు కడదాం. బ్యాంకులు జప్తు చేసిన ఇళ్ళు చవగ్గా తీసుకుని, బాగుచేసి అమ్ముదాం. మనుషుల్ని జీతాలకు పెట్టుకోవద్దు, పనున్నప్పుడు పిలుద్దాం. కానీ వీటన్నిటికీ ముందు ఒక పని చెయ్యాలి. తోక తెంపుకోవాలి."

"తోకేంటమ్మా?" అన్నాడు వెనక నుంచి అమాన్సియో.

"అమ్మేసిన ఇళ్ళు. కొన్నవాళ్ళకు పదేళ్ళ దాకా ఫిర్యాదు చేసే హక్కుంటుంది. బడి పని మనకు రావాలంటే ఒక సంస్థ మన తరఫున పూచీ పడాలి. ఇన్ని ఫిర్యాదులు నెత్తి మీదున్న వాళ్ళకి ఎవరు పూచీ పడతారు చెప్పండి? అందుకని కొత్త పేరుతో కొత్త కంపెనీ పెడదాం. పాత కంపెనీని ఖాళీ చేసి మూసేద్దాం. మూసేలోపు మూడో విడతలోని నలభై ఒక్క ఇళ్ళ వాళ్ళూ ఇక మాతో పేచీ లేదని సంతకం పెట్టాలి. బల్లిని చూడలేదూ? తోక వదిలేస్తుంది, బతుకుతుంది."

తోక బాధ ఎవరడుగుతారు?

మీటింగయ్యాక కార్ల్ అమాన్సియో భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకెళ్ళాడు. "లాయర్ని పంపిస్తే వాళ్ళూ లాయర్ని తెచ్చుకుంటారు. నువ్వెళ్తే కాఫీ ఇస్తారు. ఊరికే సంతకం అడగొద్దు. ఇంటికో కొత్త గీజరు పెట్టిద్దాం, బీటలు పూడ్చి రంగులేయిద్దాం. సంతకాలొస్తే నీకూ, ఆ పదిమందికీ కొత్త కంపెనీలో ఉద్యోగాలు. రాకపోతే అందరం ఇంటికే. యాభై అయిదేళ్ళకి, ఆ మోకాలితో, నిన్నెవడు పెట్టుకుంటాడు?"

"కార్ల్, ఆ ఇళ్ళ కింద..."

"నువ్వు డాక్టరువి కాదు, ఇంజనీరువి కాదు. ఆ ఇళ్ళ కింద ఏముందో నీకు తెలీదు. తెలుసని ఎక్కడైనా రాసిచ్చావా? లేదుగా."

ఆ సాయంత్రం వంటింట్లో భార్య జిల్డాకు సంగతంతా చెప్పాడు. ఆమె చేపముక్కలకు ఉప్పు పట్టిస్తూ విన్నది.

"మరి జెర్మానోకి ఏం చెప్తావు?"

"ఏం చెప్పను? వేరే దారి లేదు."

"దారి లేకపోతే మనిషి ఆగుతాడు. నువ్వు పరిగెడుతున్నావు" అంది జిల్డా. వెళ్ళొద్దని మాత్రం అనలేదు. ఆ మనిషి జీతం మీదే ఆ ఇల్లూ నడుస్తోంది మరి.

పరిశుద్ధాత్మ పండగ ఆదివారం మా హాల్లో ఊరంతటికీ ఉచితంగా సూపు పెడతారు. గొడ్డు మాంసం పెద్ద కుండల్లో ఉడికించి, రొట్టెముక్కల మీద పుదీనా వేసి, ఆ రసం పోస్తారు. కుండల దగ్గర పెద్ద వంటవాడు జెర్మానో, పక్కన గరిటె పట్టేది అమాన్సియో, ఇరవై ఏళ్ళుగా ఇదే వరస. మూడో విడత వీధుల్లోని పోర్చుగీసు కుటుంబాలన్నీ ఆ ఉదయం అక్కడే ఉంటాయి. సంతకాల పని అక్కడ మొదలుపెట్టాలని అమాన్సియోకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మొదటి ముక్క ఎక్కడ అంటించాలో అతనికి ఎప్పుడూ తెలుసు.

"కొంపాద్రె, చేతులు తుడుచుకో. ఒక కాగితముంది."

"నువ్వే చదువు. కళ్ళజోడు కారులో ఉండిపోయింది" అన్నాడు జెర్మానో, మంట తగ్గిస్తూ.

"కంపెనీ మూసేస్తున్నారు. మూసే ముందు కొత్త గీజరు పెట్టి, బీటలు పూడ్చి, రంగులేసి ఇస్తారు. తీసుకున్నట్టు సంతకం."

"అంతేనా?"

"ఇక మీదట ఇంకేమీ అడగనని కూడా."

జెర్మానో గరిటె కుండ అంచుకు ఆనించాడు. మాంసం కోసే బల్ల చుట్టూ ఉన్న ఎనిమిది మందీ పని ఆపి వింటున్నారు. వాళ్ళందరి ఇళ్ళూ ఆ వీధుల్లోనే.

"ఇంకేమన్నా అడగాల్సి వస్తుందా కొంపాద్రె? నువ్వు చెప్పు చాలు. ఆ ఇంటి కింద ఏమన్నా ఉందా?"

అమాన్సియో కుండలోకి చూశాడు. ఆవిరికి కళ్ళు మండాయి. పదిమంది ఉద్యోగాలు, మోకాలు, నెల జీతం అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఉందని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా.

"ఏముంటుంది? కాంక్రీటు" అన్నాడు.

జెర్మానో అతని ముఖంలోకి కాసేపు చూశాడు. ఏప్రన్‌కు చేతులు తుడుచుకుని, బల్ల మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. కాగితం మూలకు రసం మరక అంటింది. "ఒరేయ్ అడెలీనో, మీరూ రండ్రా. మా కొంపాద్రె తెచ్చిన కాగితం" అని మిగతావాళ్ళను తనే పిలిచాడు. సూపు వడ్డించేలోపు తొమ్మిది సంతకాలయ్యాయి. ఆ రోజు సూపు ఎలా ఉందో అమాన్సియోకు గుర్తులేదు. రెండు గిన్నెలు తిన్నావని తర్వాత జిల్డా చెప్పింది.

మిగతావి మూడు వారాల్లో వచ్చాయి. జెర్మానో పెట్టాడా? పెట్టాడు. అయితే మాకేం భయం, ఇటివ్వండి. కాఫీలు తాగి తాగి అమాన్సియోకు కడుపులో మంట పట్టుకుంది.

ఒక్క మనిషి మాత్రం పెట్టలేదు. ఐదో తరగతి పాఠాలు చెప్పే టీచరమ్మ, ఇబార్రా. కాగితాన్ని రెండుసార్లు చదివి, పెన్సిలుతో గీతలు గీసి, "ఇల్లు మీదైతే దీని మీద సంతకం పెడతారా బోర్బా గారూ? నా కళ్ళలోకి చూసి చెప్పండి" అంది. అమాన్సియో చూడలేకపోయాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాడు. నలభై ఒక్కటికి ఒక్కటి తక్కువైందని షెడ్డులో అందరూ తలలు పట్టుకున్నారు. కాగల కార్యం గంధర్వులే తీర్చినట్టు, ఆ పని బ్యాంకు చేసిపెట్టింది. బళ్ళలో టీచర్ల జీతాలు కోసేశారు, ఆమె నాలుగు వాయిదాలు తప్పింది, ఇల్లు జప్తు అయింది. ఇల్లే లేనామెకు ఇంటి మీద ఫిర్యాదేమిటి? బడి కట్టే పని దక్కాలంటే ఒక పంతులమ్మ వీధిన పడాల్సి వచ్చిందని ఆ షెడ్డులో ఎవరికీ తోచలేదు. తోచినా ఎవరూ పైకి అనలేదు.

కొత్త కంపెనీ పేరు క్లియర్‌ఫీల్డ్. పాత లారీలే, తలుపుల మీద కొత్త రంగు. పూచీ దొరికింది, బడి వ్యాయామశాల పని దొరికింది. చవగ్గా తీసుకుని బాగుచేసి అమ్మిన ఇళ్ళలో టీచరమ్మ ఇల్లూ ఒకటి. పదకొండు మందిలో ఏడుగురిని ఆ ఏడాదే తీసేశారు, పనున్నప్పుడు పిలుస్తామన్నారు. నాలుగో విడతలో ఇళ్ళు రాని చోట కార్ల్ మళ్ళీ బాదం మొక్కలు నాటించాడు, బాదానికి ధర బాగుందని. ఇప్పటికీ ఆ తోటలో వరసల మధ్య వీధి దీపాలు నిలబడి ఉంటాయి. మొక్కలు నాటే ముందు మాత్రం నేలను దున్నించి ఒక శీతాకాలం పూర్తిగా వదిలేశాడు. తొందరపడితే మొక్క బతకదట.

అమాన్సియోను మాత్రం తీసేయలేదు. అతనికి కొత్త పని పెట్టారు. అది హోల్కమ్ బుర్రలో పుట్టిందే. "ఈ లోయలో పాత తోటల మీద లేచిన ఇళ్ళు వేలల్లో ఉన్నాయి. అవన్నీ ఇవాళో రేపో కుంగేవే. కుంగే ఇంటికి వైద్యం చేసేవాడికి మాంద్యమంటూ ఉండదు" అంది. క్లియర్‌ఫీల్డ్ ఇనుప గుంజలు, ఇళ్ళను ఎత్తి పట్టే జాకీలు కొన్నది. గోతుల కింది గట్టి నేల దాకా గుంజలు దించి, ఇంటిని వాటి మీద నిలబెడతారు. కొంప అంటించినవాడే నీళ్ళ బిందె అమ్మకానికి తెచ్చినట్టన్నమాట. అమాన్సియో పేరుతో 'పునాదుల సలహాదారు' అని కార్డులు అచ్చువేశారు. మూడో విడత వీధుల్లో అతనికి తెలియని గుమ్మం లేదు కదా. వెళ్ళాడు, బీటలు చూశాడు, ధర చెప్పాడు. కొందరు తలుపు ముఖాన వేశారు. కొందరు తిట్టారు. చాలామంది కట్టారు, ఎందుకంటే నేల ఆగడం లేదు.

జెర్మానో వీధిలోకి మాత్రం వెళ్ళలేదు. హాల్లో కుండల దగ్గరకు కూడా, మోకాలు నొప్పని సాకు చెప్పి, రెండేళ్ళు వెళ్ళలేదు. 2012 వసంతంలో జెర్మానోయే ఆఫీసుకు ఫోన్ చేశాడు. అమాన్సియో బోర్బానే పంపించమన్నాడు.

వెళ్ళేసరికి ఒడీలియా ఇంట్లో లేదు, చెల్లెలింటికి వెళ్ళిందట. హాలు మధ్య నుంచి బీట ఒకటి నేల పలకల్ని రెండుగా కోసుకుంటూ వంటింట్లోకి పోయింది. బాత్రూం తలుపు ఊడదీసి గోడకు ఆనించి ఉంది. జెర్మానో బల్ల ముందు కూర్చున్నాడు. బల్ల మీద మూడు కంపెనీల ధరల కాగితాలు, అన్నిటికన్నా పైన క్లియర్‌ఫీల్డ్‌ది, ఆఫీసు నుంచి ముందే తెప్పించుకున్నది.

"మూడు కంపెనీల్ని పిలిచి అడిగా. అన్నిట్లో మీదే ఎక్కువ" అన్నాడు జెర్మానో.

అమాన్సియోకు ఊపిరి వచ్చినట్టయింది. "అయితే వాళ్ళతోనే చేయించుకో కొంపాద్రె. మాతో వద్దు. నేనే చెప్తున్నా, వాళ్ళు బాగానే చేస్తారు."

"వాళ్ళు ఇంటి చుట్టూ ఎక్కడపడితే అక్కడ తవ్వుతామన్నారు. గోతులెక్కడున్నాయో వాళ్ళకి తెలీదు. నీకు తెలుసు."

అమాన్సియో కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డాడు. "ఎప్పట్నుంచి..."

"హాల్లో, కుండ దగ్గర. కింద ఏమన్నా ఉందా అని నేనడిగితే నువ్వు నా మొహం చూడలేదు, కుండలోకి చూశావు. ఇరవై ఏళ్ళుగా ఇద్దరం కలిసి వండుతున్న కుండ అది. అందులో ఏముందో చూడాల్సిన పని నీకేంటి?"

"మరెందుకు పెట్టావు సంతకం? తెలిసి కూడా ఎందుకు పెట్టావు జెర్మానో?"

"ఎనిమిది మంది నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు నా కొంపాద్రె అబద్ధమాడుతున్నాడని అనమంటావా? లెనియాని ఎత్తుకున్న చేతులివి." జెర్మానో గొంతు పెంచలేదు. "ఇంటికొచ్చి చెప్తావనుకున్నా. ఆ రాత్రి కాకపోతే మర్నాడు. ఒడీలియా వారం రోజులు నీకోసం రొట్టె పక్కన పెట్టింది. తర్వాత మానేసింది. నా వెనక సంతకాలు పెట్టిన ఎనిమిది మందీ ఇప్పుడు నా ఇంటికొచ్చి నన్నడుగుతున్నారు. నిన్ను కాదు, నన్ను."

అమాన్సియో పదిమంది ఉద్యోగాలనబోయాడు. అందులో ఏడుగురికి ఇప్పుడా ఉద్యోగాలే లేవని గుర్తొచ్చింది.

"చూపించు" అన్నాడు జెర్మానో, పెన్సిలు తీసుకుని లేస్తూ.

అమాన్సియో చూపించాడు. వాకిలి నుంచి అడుగులు కొలుచుకుంటూ, కుంటుకుంటూ నడిచాడు. హాల్లో కిటికీ ముందు ఒకటి. బాత్రూం గుమ్మం కింద ఒకటి. పడగ్గదిలో మంచం కింద ఒకటి, దాని కోసం ఇద్దరూ చెరోవైపు పట్టుకుని మంచం జరిపారు. పెరటి తలుపు దగ్గర ఒకటి. చెప్పిన ప్రతి చోటా జెర్మానో వంగి నేల మీద పెన్సిలుతో గుర్తు పెట్టాడు. నాలుగే. ఆరేళ్ళ కింద, కొనకముందు, ఇదే నడక నడిచి చూపించడానికి పది నిమిషాలు పట్టేది కాదు.

తిరిగొచ్చి జెర్మానో కళ్ళజోడు పెట్టుకున్నాడు. అమాన్సియో తెచ్చిన ఒప్పందం కాగితాలను మొదటి అక్షరం నుంచి చివరి దాకా, పేజీ తర్వాత పేజీ, నెమ్మదిగా చదివాడు. అంతసేపూ అమాన్సియో నిలబడే ఉన్నాడు, కూర్చోమని ఎవరూ అనలేదు. చదవడం అయ్యాక సంతకం చేసి, వాటిని బల్ల మీద అతని వైపు జరిపాడు.

"పనివాళ్ళని ఎప్పుడు పంపిస్తారో ఆఫీసు నుంచి ఎవరి చేతైనా ఫోన్ చేయించండి, మిస్టర్ బోర్బా" అన్నాడు. "మీరు రానక్కర్లేదు."